చైనా పండగ కేకులకు అర్థం చెప్పేది బియ్యమే

చైనా కొత్త సంవత్సరం గురించి ఎక్కడ చదివినా ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది. చైనా భాషలో కేకును ‘గావ్’ అంటారు, ‘ఎత్తు’ అనే మాటను కూడా అలాగే పలుకుతారు, అందుకే ఏటేటా ఎదగాలని కోరుకుంటూ ‘నియన్ గావ్’ (సంవత్సరపు కేకు) తింటారు అని. ఇందులో అబద్ధం లేదు. పండగ పూట ఆ శ్లేష చైనా ఇళ్లలో నిజంగానే వినిపిస్తుంది. కాకపోతే దానితో తేలేది చాలా తక్కువ. ఆవిరి మీద ఉడికించే చైనా కేకులు పదుల రకాలున్నాయి, వాటిలో చాలావాటి పేరు చివర గావ్ ఉంటుంది. పేరే కారణమైతే కొత్త సంవత్సరానికి జిగటగా సాగేదే ఎందుకు కావాలి? పితృదేవతల ముందు నెత్తి పగిలినదే ఎందుకు పెట్టాలి? గృహప్రవేశానికి పొడిపొడిగా విరిగేదాన్ని ఎందుకు పంచాలి?

ఇంకో చిక్కు కూడా ఉంది. చైనా ఆగ్నేయ తీరంలోని ఫూజియన్ రాష్ట్రపు దక్షిణ భాగంలో, తైవాన్‌లో హొక్కియెన్ మాట్లాడేవాళ్లు వీటిని ‘క్వే’ అంటారు. ఆ మాటకు ఎత్తుతో ఏ సంబంధమూ లేదు. అయినా కొత్త సంవత్సరం వస్తే అక్కడా అదే జిగట కేకు, అదే బెల్లం రంగు. పేరు మాత్రం ‘తీపి క్వే’. శ్లేష పనిచేయని చోట కూడా కేకు నిలిచిందంటే, దాన్ని నిలబెట్టింది వేరే ఏదో అయి ఉండాలి.

అది బియ్యమే. గింజలోని పిండి పదార్థంలో అమైలోజ్, అమైలోపెక్టిన్ అని రెండు రకాల అణువులుంటాయి. అమైలోజ్ ఎక్కువైతే అన్నం పలుకుపలుకుగా విడిపోతుంది, చల్లారాక బిరుసెక్కుతుంది. దక్షిణ చైనాలో పండే పొడుగు గింజ ఇండికా రకాల్లో అది చాలావరకు 20 నుంచి 30 శాతం ఉంటుంది. యాంగ్జీ నది దిగువన పండే పొట్టి గింజ జపోనికాలో 15 నుంచి 20 శాతం. జిగురు బియ్యంలో దాదాపు ఉండదు. వాక్సీ అనే జన్యువు సరిగా పనిచేయకపోవడం వల్ల ఆ గింజ అమైలోజ్‌ను తయారు చేసుకోలేదు. అలా ఒక జన్యువులో వచ్చిన లోపాన్ని ఆసియా రైతులు తరతరాలుగా ఏరికోరి కాపాడుకుంటూ వచ్చారు. ఈ కేకుల్లో సగం ఆ లోపం పుణ్యమే.

వీటిని కాల్చకుండా ఆవిరి మీద ఎందుకు వండుతారన్న దానికి కూడా జవాబు ఇక్కడే దొరుకుతుంది. గోధుమ పిండిలో గ్లూటెన్ అనే సాగే ప్రోటీన్ ఉంటుంది కాబట్టి పొడి వేడిలో కూడా పొంగి నిలబడుతుంది. బియ్యప్పిండికి ఆ పట్టు లేదు. ఓవెన్లో పెడితే ముందు ఎండి బీటలు వారుతుంది. ఆవిరైతే వేడితో పాటు పిండి ఉడకడానికి కావలసిన తడి కూడా ఇస్తుంది. చైనాలో ఈ పద్ధతి ఎంత పాతదో చెప్పడానికి తవ్వకాలే సాక్ష్యం. జెజియాంగ్ రాష్ట్రంలోని హెమూదూలో 1973 నుంచి జరిగిన తవ్వకాల్లో దాదాపు 7000 ఏళ్ల నాటి వరి అవశేషాలతో పాటు అడుగున చిల్లులున్న మట్టి ఆవిరి కుండ కూడా బయటపడింది. 1976లో అన్‌యాంగ్‌లో తవ్విన, షాంగ్ వంశానికి చెందిన ఫూ హావ్ రాణి సమాధిలో ఒకే పొడవాటి కంచు పీఠం మీద మూడు ఆవిరి పాత్రలు వరసగా కూర్చునే సామాను దొరికింది. అది క్రీ.పూ. 1200 ప్రాంతానిది. ఒక మంట మీద మూడు వంటలన్నమాట. ఇవాళ్టి వెదురు బుట్టల దొంతరలో ఉన్నదీ అదే పొదుపు. అవి పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, అంతే తేడా.

కేకు తయారీ గురించి రాతలో దొరికే పాత ఆధారాల్లో ముఖ్యమైనది 6వ శతాబ్దంలో జియా సిషియె అనే అధికారి రాసిన వ్యవసాయ గ్రంథం. జిగురు బియ్యప్పిండిని పట్టుబట్టతో జల్లించాలి, నీళ్లూ తేనే పోసి గట్టిగా కలపాలి, సుమారు అడుగు పొడవున సాగదీసి ముక్కలు చేయాలి, పైనా కిందా రేగుపళ్ల గుజ్జు, చెస్ట్‌నట్ అద్ది, నూనె రాసి, వెదురు ఆకుల్లో చుట్టి మెత్తగా ఉడికించాలి అని అందులో ఉంది. తేనె తీసేసి చక్కెర, వెదురు ఆకు తీసేసి అరటాకు పెడితే ఈనాటి వంటకానికి అది ఎంతో దూరంలో లేదు.

ఇక నియన్ గావ్ సంగతి. గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్ ఇళ్లలో దీనికి కావలసినవి ప్రధానంగా మూడే: జిగురు బియ్యప్పిండి, పలకలుగా అమ్మే గోధుమరంగు చక్కెర, నీళ్లు. చక్కెరను నీళ్లలో కరిగించి, ఆ పాకాన్ని పిండిలో పోసి ఉండ కట్టకుండా కలిపి, నూనె రాసిన గుండ్రటి పళ్లెంలో పోసి, నడిమధ్య ఒక ఎర్ర రేగుపండు పెడతారు. తర్వాత అంతా మంట పని, ఓపిక పని. మలేషియా, సింగపూర్‌లలో అరటాకు పరిచిన చిన్న డబ్బాల్లో పోసి పాత పద్ధతిలో 8 నుంచి 12 గంటలు ఆవిరి పెడతారు. పిండి పెట్టినప్పుడు పాలిపోయి ఉంటుంది, గంటలు గడిచేకొద్దీ తేనె రంగుకు, ఆ తర్వాత ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆవిరి 100 డిగ్రీలు దాటదు కాబట్టి ఆ రంగు రావడానికి అంత సమయం పడుతుంది. కింద నీళ్లు ఇంకిపోతుంటే మరిగే నీళ్లే పోయాలి. చన్నీళ్లు పోస్తే ఆవిరి ఆగిపోతుంది. రేకు మూత పెడితే దాని లోపల చేరిన చెమట కేకు మీద పడి గుంటలు చేస్తుంది కాబట్టి మూతకు గుడ్డ కడతారు. వెదురు మూత అయితే ఆ తడిని తానే పీల్చుకుంటుంది. ఈ రోజుల్లో చాలామంది ముందే చక్కెరను మాడబెట్టి రంగు తెచ్చేసి, గంటా రెండు గంటల్లో పని ముగిస్తున్నారు. చూడ్డానికి తేడా తెలియదు, వాసనలో మాత్రం తెలుస్తుంది.

ఇంత సేపు ఉడికిన కేకులో చక్కెర చాలా ఎక్కువ. ఆ చక్కెర నీటిని పట్టి ఉంచుకుంటుంది, బూజు త్వరగా పట్టనివ్వదు, పిండిని గట్టిపడనివ్వదు. కాబట్టి కేకు రోజుల తరబడి ఉంటుంది. చైనా ఆచారం ప్రకారం పండగ మొదటి రోజుల్లో కత్తి పట్టకూడదు, ఊడవకూడదు, కొత్తగా వంట పెట్టుకోకపోవడమే మంచిది అనే నియమాలు చాలాచోట్ల ఉండేవి. అలాంటప్పుడు ముందే వండి పెట్టుకుని, పూజలో ఉంచి, తర్వాత తీరిగ్గా తినగలిగే పదార్థం ఇంట్లో ఉండి తీరాలి. జిగురు కేకు ఆ అవసరానికి సరిగ్గా సరిపోయింది. దీని మీద అర్థాలు ఎన్ని పేరుకున్నా, అడుగున ఉన్నది నిల్వ తిండి లెక్కే అనిపిస్తుంది.

వంటింటి దేవుడి కథలో కూడా ఈ జిగటకే పని. చైనా పంచాంగం ప్రకారం ఏడాది చివరి నెల 23న గానీ 24న గానీ ఆ దేవుడు ఇంటివాళ్ల మంచిచెడ్డలు చెప్పడానికి పైలోకానికి వెళ్తాడట. నోరు అంటుకుపోతే చాడీలు చెప్పలేడు కదా అని ఆయనకు జిగటగా ఉన్న తీపి పెడతారు. ఉత్తరాన ఎక్కువగా మాల్ట్ మిఠాయి పెడతారు. ఈ కేకు పెట్టడం ఆగ్నేయాసియా చైనా కుటుంబాల్లో బాగా కనిపిస్తుంది. దేవుడికే లంచం పెట్టి నోరు మూయించే ఈ ఏర్పాటులో భక్తి కంటే లౌక్యం పాలు ఎక్కువ. దాన్ని ఎవరూ దాచుకోరు కూడా.

యాంగ్జీ దిగువకు వెళ్తే అదే పేరుతో వేరే వస్తువు చేతికొస్తుంది. నింగ్‌బో నియన్ గావ్ తెల్లగా ఉంటుంది, తీపి ఉండదు, జిగురు బియ్యం కూడా కాదు. జపోనికా బియ్యాన్ని నానబెట్టి, నీళ్లతో పాటే రుబ్బి, నీరు పిండేసి, ఆ తడిపిండిని ఆవిరి మీద ఉడికించి, వేడిగా ఉండగానే రోట్లో దంచి కడ్డీలుగా చేస్తారు. దంచడం వల్లే అది నమిలితే సాగే గుణం తెచ్చుకుంటుంది. దీన్ని పలుచగా కోసి, పంది మాంసం, ఆకుకూరలతోనో, పీతలతోనో వేయిస్తారు, లేదా పులుసులో వేస్తారు. చక్కెర లేదు కాబట్టి గాలికి వదిలేస్తే ఎండి పగులుతుంది. అందుకే పాతకాలంలో జాడీల్లో నీళ్లు నింపి అందులో ముంచి ఉంచేవాళ్లు. ఆ నీళ్లు వసంతం మొదలయ్యే లిచున్ (ఫిబ్రవరి 4 ప్రాంతం) కంటే ముందు పట్టినవై ఉండాలని పట్టింపు. చలికాలపు నీళ్లలో అయితే త్వరగా చెడదని వాళ్ల లెక్క.

పక్కనే ఉన్న సూజౌలో మళ్లీ జిగురు, మళ్లీ చక్కెర, పైగా పంది కొవ్వు. గులాబీ, ఓస్మాంథస్ పూల వాసనలతో రంగురంగుల పలకలు చేస్తారు. ఈ ఊరికి ఒక కథ ఉంది. క్రీ.పూ. 514లో వూ రాజ్యం కోసం ఈ నగరాన్ని కట్టించిన వూ జిషూ అనే మంత్రి, తాను పోయాక కరవొస్తే కోట గోడ కింద తవ్వమని చెప్పాడట. ఆయన చనిపోయాక శత్రువులు ముట్టడించినప్పుడు జనం తవ్వి చూస్తే ఇటుకలన్నీ జిగురు బియ్యపు దిమ్మలేనట. చరిత్రగా దీన్ని నమ్మనక్కర్లేదు. కానీ కథ అల్లినవాళ్లకు ఈ కేకు స్వభావం బాగా తెలుసు: గట్టిపడితే ఇటుక, ఆవిరి తగిలితే తిండి.

వరి అంతగా పండని ఉత్తరాదిలో ఈ పనంతా జిగురు చిరుధాన్యం చూసుకుంటుంది. బీజింగ్ చుట్టుపక్కల పసుపురంగు జిగురు ధాన్యం పిండిలో రేగుపళ్లు పొరలుగా వేసి ఆవిరి పెడతారు. షాన్‌డాంగ్, షాన్‌షీల్లో ఆ స్థానం గోధుమది. అక్కడ పులిసిన గోధుమ పిండితో చేపలు, పూలు, పండ్ల ఆకారాల్లో పెద్ద పెద్ద బన్నులు ఆవిరి మీద చేస్తారు. గోధుమకు ఆకారం నిలిపే శక్తి ఉంది కాబట్టి అక్కడ అర్థమంతా బొమ్మలోకి వెళ్లింది.

ఈ వంటకాల్లో టెన్షన్ ఎక్కువ పెట్టేది ఫా గావ్ (హొక్కియెన్‌లో ఫా క్వే). ‘ఫా’ అంటే పొంగడం, సంపద పెరగడం కూడా. దీని పని పగలడం. కేకు నెత్తి మీద పువ్వు విచ్చుకున్నట్టు మూడు నాలుగు రెక్కలుగా విడిపోవాలి. ఎంత బాగా విడిపోతే ఇంటికి అంత కలిసొస్తుందని నమ్మకం. దీనికి జిగురు బియ్యం పనికిరాదు, అది సాగుతుంది గానీ పగలదు. అమైలోజ్ బాగా ఉన్న ఇండికా పిండి కావాలి. దాన్ని చక్కెర నీళ్లతో కలిపి ఈస్ట్‌తో గానీ పాత పులుపు పిండితో గానీ పులియబెడతారు. ఇప్పుడు చాలామంది బేకింగ్ పౌడర్ వేస్తున్నారు. గిన్నెల్ని ముందే ఆవిరిలో వేడి చేసి, పిండిని అంచు దాకా నింపి, మంటను పూర్తిగా పెంచి పెట్టాలి. అప్పుడు పైపొర ముందు ఉడికి గట్టిపడుతుంది. లోపల మాత్రం వాయువు ఇంకా పొంగుతూనే ఉంటుంది, దారి లేక పైపొరను చీల్చుకుని బయటికొస్తుంది. మంట తగ్గినా, గిన్నె సగమే నింపినా, పిండి పలుచనైనా పైపొర గట్టిపడకుండానే లోపలిదంతా పొంగేసి, ఇడ్లీలా నున్నగా వచ్చి కూర్చుంటుంది. ఇడ్లీకి అది గొప్ప, ఫా గావ్‌కు అపశకునం. మధ్యలో మూత తీసి చూస్తే కూడా అంతే సంగతులు.

ఈ అనిశ్చితి చుట్టూనే ఆంక్షలు పుట్టాయి. తైవాన్ పల్లెల్లో క్వే ఉడుకుతుంటే పిల్లల్ని పొయ్యి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు, అశుభం మాట్లాడనిచ్చేవాళ్లు కాదు. మైల ఉన్న ఇంట్లో ఆ ఏడాది తీపి క్వే, ఫా క్వే చేయరు, బంధువులే తెచ్చి ఇస్తారు. ఇవన్నీ మూఢనమ్మకాలని కొట్టిపారేయొచ్చు. కానీ ఆంక్షలన్నీ ఎక్కడ తేలుతున్నాయో చూడండి: పొయ్యి దగ్గర ఎవరూ తిరగకూడదు, మూత ఎవరూ ఎత్తకూడదు. ఆవిరి పోకుండా కాపాడటానికి ఇంతకంటే మంచి కట్టడి ఉండదు. “తీపి క్వేతో పండగ, ఫా క్వేతో డబ్బు” అని మొదలయ్యే తైవాన్ జనం పాట రెండింటికీ పనులు విడగొట్టి పంచింది. ఒకటి నిలవ ఉండాలి, ఇంకొకటి పొంగాలి.

ఫా గావ్ చైనా వలసలతో పాటు చాలా దూరం వెళ్లింది. మారిషస్‌లో గులాబీ రంగులో దొరికే దీన్ని ‘పూతూ షినువా’ అంటారు, అంటే చైనా పుట్టు (పుట్టు తమిళ, మలయాళ ఇళ్లలో ఆవిరి మీద చేసే బియ్యప్పిండి వంటకం). దక్షిణ భారతం నుంచి వెళ్లిన కూలీలతో పాటు పుట్టు ముందే ఆ దీవికి చేరి ఉండటంతో ఈ కేకుకు ఆ పేరే స్థిరపడింది. తమిళుల పక్కనే తెలుగు కుటుంబాలు కూడా తరతరాలుగా ఉంటున్న దీవి అది. అక్కడ ఇది కొత్త సంవత్సరానికే కాకుండా ఏడాది పొడవునా చిరుతిండిగా అమ్ముడవుతుంది. శకునం చూసే బాధ్యత నుంచి అక్కడ దానికి విముక్తి దొరికినట్టుంది.

పొడిగా విరిగే సోంగ్ గావ్ పద్ధతి వేరు. షాంఘై, నింగ్‌బో, హాంగ్‌జౌ ప్రాంతాల్లో జిగురు బియ్యం, మామూలు బియ్యం పిండి కలిపి, నీళ్లు చిలకరించి, ముద్ద కాకుండా పొడిగానే ఉంచి, జల్లెడతో అచ్చులోకి రాలుస్తారు. చేత్తో నొక్కకూడదు. రేణువుల మధ్య ఖాళీలుంటేనే ఆవిరి దూరి పైదాకా వస్తుంది. నొక్కితే మధ్యలో పచ్చి పిండి మిగిలిపోతుంది. ఇదే కుటుంబానికి చెందిన గులాబీ రంగు దింగ్‌షెంగ్ గావ్ లోపల ఎర్ర చిక్కుడు ముద్ద ఉంటుంది. దక్షిణ సోంగ్ రాజవంశం కాలంలో (12, 13 శతాబ్దాలు) యుద్ధానికి వెళ్లే సైనికులకు ఇచ్చేవారని కథ చెబుతారు. ఇవాళ పరీక్షలకు వెళ్లే పిల్లలకు, కొత్త ఇంట్లోకి దిగేవాళ్లకు ఇస్తారు. సోంగ్ గావ్‌ను నిల్వ పెట్టలేం, చల్లారితే గట్టిపడుతుంది. ఆ రోజే ఇరుగుపొరుగుకు పంచేయాలి. గృహప్రవేశం పూట చుట్టుపక్కల ఇళ్ల తలుపు తట్టడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు.

శ్లేష నిజంగా పెత్తనం చేసే పండగ ఒకటుంది, చైనా పంచాంగంలో తొమ్మిదో నెల తొమ్మిదో రోజున వచ్చే చోంగ్‌యాంగ్. ఆ రోజు కొండెక్కాలి. ఎక్కలేనివాళ్లు, కొండలు లేని మైదానాల వాళ్లు కేకు తిని ‘ఎత్తు’ ఎక్కినట్టు సరిపెట్టుకుంటారు. ఉత్తర సోంగ్ రాజవంశపు రాజధాని ఖైఫెంగ్ జీవితాన్ని 12వ శతాబ్దంలో తలుచుకుని రాసిన ఒక గ్రంథం ఈ పండగ కేకును చక్కగా చూపిస్తుంది: ఆవిరి కేకుల మీద కత్తిరించిన రంగు జెండాలు గుచ్చి, దానిమ్మ గింజలు, చెస్ట్‌నట్, గింకో, పైన్ గింజలు చల్లి ఒకరికొకరు పంపుకునేవారు. చైనా 2012 డిసెంబరులో సవరించిన వృద్ధుల హక్కుల చట్టం ఇదే తిథిని వృద్ధుల దినంగా ప్రకటించింది. దాంతో మెత్తటి ఈ కేకుకు పళ్లు లేనివాళ్ల పండగ వంటకంగా ఇంకో పని దొరికింది.

తీపి లేనివాటిలో పెద్దపీట ముల్లంగి కేకుది. కాంటనీస్ వాళ్లు లో బాక్ గో అంటారు. తెల్ల ముల్లంగి తురిమి ఉడికించి, దాని నీటితోనే ఇండికా పిండిని కలిపి, ఎండు రొయ్యలు, చైనా సాసేజి, పుట్టగొడుగులు వేసి ఆవిరి పెడతారు. చల్లారాక ముక్కలు కోసి పెనం మీద వేయిస్తారు. అమైలోజ్ చల్లారినప్పుడు గట్టిపడే గుణం వేరే వంటల్లో ఇబ్బంది, ఇక్కడ మాత్రం అదే కావాలి. లేకపోతే ముక్క కత్తికి నిలవదు. ముల్లంగి చలికాలపు పంట కాబట్టి పండగ నాటికి చవగ్గా, తియ్యగా దొరుకుతుంది. సింగపూర్ హోటళ్లలో దీన్నే గుడ్డుతో వేయించి ‘క్యారెట్ కేక్’ అని అమ్ముతారు. అందులో క్యారెట్ ఉండదు, కేకు ఆశించి వెళ్లినవాళ్లకు తీపీ ఉండదు.

ఎర్ర తాబేలు క్వే గురించి చెప్పకుండా వదల్లేం. జిగురు పిండికి ఎరుపు కలిపి, లోపల పెసరపప్పు ముద్ద పెట్టి, తాబేటి చిప్ప గీతలు చెక్కిన చెక్క అచ్చులో వత్తి, అరటాకు ముక్క మీద ఆవిరి పెడతారు. బిడ్డకు నెల నిండినప్పుడు, పెద్దల పుట్టినరోజులకు, గుళ్లలో దేవుళ్ల పుట్టినరోజులకు చేస్తారు. తైవాన్‌కు చెందిన పెంగ్‌హూ దీవుల్లో, కొత్త సంవత్సరం తర్వాతి మొదటి పౌర్ణమికి వచ్చే లాంతర్ల పండగప్పుడు గుడిలో పెట్టిన తాబేళ్లను భక్తులు అడిగి తీసుకెళ్లే ఆచారం ఉంది. దేవుడి సమ్మతి కోసం రెండు చెక్క బిళ్లలు వేసి చూస్తారు. తీసుకెళ్లినవాళ్లు మరుసటి ఏడాది ఇంకా పెద్ద తాబేలు తెచ్చి తీర్చాలి. అంటే దేవుడి దగ్గర వడ్డీకి కేకు తెచ్చుకోవడం. అలా పెరిగి పెరిగి తాబేళ్లు టన్నుల బరువుకు చేరాయి. ఆ సైజు వాటిని ఆవిరిలో ఉడికించడం కుదరదు కాబట్టి బియ్యం సంచులనే తాబేలు ఆకారంలో పేర్చి, పండగయ్యాక బియ్యం పంచేస్తున్నారు.

నగరాల్లో ఇవన్నీ ఇప్పుడు కొనుక్కునే వస్తువులే. హాంకాంగ్ హోటళ్లు, బేకరీలు పండగకు వారాల ముందే కూపన్లు అమ్ముతాయి. జనం కేకు బదులు కూపన్‌నే కానుకగా ఇచ్చేస్తారు. నింగ్‌బో కడ్డీలు గాలి తీసిన ప్యాకెట్లలో ఏడాదంతా దొరుకుతున్నాయి, జాడీల్లో చలికాలపు నీళ్లతో పని తప్పింది. పన్నెండు గంటల జిగురు కేకు ఇంట్లో చేసేవాళ్లు తగ్గిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఫా గావ్ పరిస్థితి ఇంకాస్త ఇరకాటం. అంగట్లోది ముందే పగిలి ఉంటుంది, అందులోంచి బాగా విచ్చుకున్నదే ఏరి తెచ్చుకుంటారు. ఇంటి అదృష్టం చూసుకోవడానికి అప్పుడు మిగిలేదేమీ లేదు. ఇంట్లో చేసేవాళ్లలో కూడా చాలామంది బియ్యప్పిండి తగ్గించి మైదా కలుపుతున్నారు, బేకింగ్ పౌడర్ పెంచుతున్నారు, అలా అయితే పగులు గ్యారంటీ. రుచి గురించి పాతవాళ్లు సణుగుతారు గానీ, పండగ పూట నున్నటి కేకు చేతిలో పట్టుకుని అత్తగారి ముందు నిలబడటం కంటే మైదా నయమని కోడళ్ల లెక్క.